మందుల దెబ్బ నుంచి మొక్కల ఫ్లేవనాయిడ్లు కిడ్నీని కాపాడతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను నల్లగొండలో ఫార్మసీ విద్యార్థులకు ఫార్మకాలజీ చెబుతాను. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు నుంచి, ఇటు పాలమూరు, నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే పిల్లలు ఇంటి దగ్గర విన్న ప్రశ్నలను క్లాసుకు తెస్తుంటారు. "సార్, మా తాత ఎన్నో ఏండ్ల నుంచి నొప్పుల గోలీలు మింగుతున్నాడు. ఫలానా ఆకు రసం తాగితే కిడ్నీకి ఏం కాదంట, నిజమేనా?" అనేది వాటిలో ఎక్కువగా వినపడేది. ఆకుల్లో, పండ్లలో ఉండే ఫ్లేవనాయిడ్లు అనే పదార్థాలు కిడ్నీని కాపాడతాయంటూ వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో కొంత నిజం ఉంది, ఆ నిజానికి అంటించిన తోకలు చాలా ఉన్నాయి. ఏది ఎంతవరకో తెలియాలని ఈ ప్రశ్నలూ జవాబులూ రాస్తున్నాను.

మందు వేసుకుంటే కిడ్నీ ఎందుకు దెబ్బతింటుంది?

రెండు కిడ్నీలూ కలిపి ఒంటి బరువులో అర శాతం కూడా ఉండవు. అయినా గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా వాటికే పోతుంది. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగట్టి, అందులో 99 శాతం మళ్ళీ రక్తంలోకి లాక్కుని, మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లను మూత్రంగా బయటికి పంపుతాయి. వెనక్కి లాక్కునే పనిలో పెద్ద వాటా ప్రాక్సిమల్ ట్యూబ్యూల్ అనే సన్నటి గొట్టాల గోడల్లో ఉండే కణాలది. వాటికి రాత్రీ పగలూ విశ్రాంతి ఉండదు, అందుకే వాటిలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉంటాయి.

చాలా మందులు దెబ్బకొట్టేది సరిగ్గా అక్కడే. ఇన్ఫెక్షన్లకు ఇచ్చే జెంటామైసిన్ సూది మందు ఆ కణాల మీదుండే మెగాలిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని లోపలికి చేరి పేరుకుపోతుంది. క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్ ఓసీటీ2 అనే మరో ప్రొటీన్ దారిన లోపలికి వెళ్తుంది. రక్తంలో ఉన్నదానికంటే ఆ కణాల్లో దాని గాఢత దాదాపు ఐదు రెట్లు ఉంటుంది. అక్కడ మైటోకాండ్రియాలు పాడవుతాయి, కణాన్ని లోపల్నుంచి దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే పదార్థాలు పుట్టుకొస్తాయి, వాపు మొదలవుతుంది, చివరికి కణాలు చచ్చి గొట్టంలోకి రాలిపోతాయి.

డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పుల గోలీల దారి వేరు. కిడ్నీలోకి రక్తం తెచ్చే చిన్న రక్తనాళం తెరుచుకుని ఉండడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు సాయపడతాయి. ఈ గోలీలు వాటి తయారీని ఆపేస్తాయి. ఒంట్లో నీళ్ళు సరిపడా ఉంటే ఆరోగ్యవంతుడికి అంతగా తెలియదు. ఎండకు ఒళ్ళు ఆరిపోయి ఉన్నప్పుడు కిడ్నీ ఆ ప్రోస్టాగ్లాండిన్ల మీదే ఆధారపడి ఉంటుంది. అప్పుడు వేసుకున్న గోలీ కిడ్నీకి రక్తం అందకుండా చేస్తుంది.

మన జిల్లాల్లో దీని గురించి ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకోవాలి?

మన నేల, మన పని, మన అలవాట్లు మూడూ కలిసి ఇక్కడ నొప్పుల గోలీల వాడకాన్ని పెంచాయి. నల్లగొండ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఎన్నో ఊళ్ళలో దాని కంటే చాలా ఎక్కువ ఉండేది. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని రూపొందించి దానికి మన జిల్లా పేరే పెట్టింది. ఇప్పుడు కృష్ణా నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి. కానీ చిన్నప్పటి నుంచి ఆ బోరు నీళ్ళు తాగినవాళ్ళ ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్ ఒక్కరోజులో పోదు. నడుము వంగదు, మెడ తిరగదు, మోకాళ్ళు పట్టేస్తాయి. వాళ్ళకు తెల్లారితే గోలీ కావాలి.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్యమైన దారి మూత్రమే. గోలీలతో కిడ్నీ బలహీనపడితే ఫ్లోరైడ్ ఒంట్లో మరింత నిలిచిపోతుంది, నొప్పులు పెరుగుతాయి, నొప్పులు పెరిగితే గోలీలూ పెరుగుతాయి.

పాలమూరు వైపు మట్టి పనికి, కట్టడం పనికి వలస పోయేవాళ్ళ సంగతి చూడండి. ఏప్రిల్, మే ఎండల్లో పొద్దంతా పని, తాగేది తక్కువ నీళ్ళు, రాత్రికి ఒళ్ళు నొప్పులకు ఒక గోలీ, పొద్దున మళ్ళీ పనికి. కిడ్నీకి హాని చేసే పరిస్థితిని కావాలని తయారు చేయమన్నా ఇంతకంటే బాగా చేయలేం.

ఇక పొట్లాల అలవాటు ఉంది. "ఒళ్ళు నొప్పులు" అని అడిగితే పేపరు ముక్కలో చుట్టి ఇచ్చే మూడు నాలుగు రంగుల గోలీలు. మా విద్యార్థి ఒకరు ఇంటి నుంచి తెచ్చిన పొట్లం విప్పి చూశాను. ఒక పసుపు గోలీ, సగానికి విరిచిన తెల్ల గోలీ, ఒక గులాబీ రంగు క్యాప్సూల్. స్ట్రిప్ లేదు, పేరు లేదు, తేదీ లేదు. కిడ్నీ దెబ్బతిన్నాక డాక్టరు "ఏం వాడారు?" అని అడిగితే ఆ ఇంటివాళ్ళు చెప్పగలిగేది రంగు మాత్రమే. దీనికంటే బాధ కలిగించేది నాకు ఇంకొకటి లేదు.

నొప్పుల గోలీ కిడ్నీని పాడుచేస్తుందనడానికి గట్టి రుజువు ఉందా?

ఉంది. మనుషుల్లోనే కాదు, రాబందుల్లోనూ కనిపించింది. పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలను దెబ్బతీసి, లక్షల సంఖ్యలో వాటి చావుకు కారణమైందని 2004లో బయటపడింది. 2006లో మన దేశంలో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. మనుషుల కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, ఆ మాట నిజమే. అయితే వయసు మీద పడినవాళ్ళు, షుగర్, బీపీ ఉన్నవాళ్ళు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు "నాకేం కాదులే" అనుకోవడానికి లేదు. ముఖ్యంగా బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి, వాటితో పాటు నీరు తీసే గోలీ వాడుతూ పైనుంచి నొప్పుల గోలీ వేసుకుంటే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి ఒత్తిడి పడుతుంది.

ఫ్లేవనాయిడ్లు అంటే ఏమిటి? మన తిండిలో ఎక్కడ ఉంటాయి?

మొక్కలు తమ కోసం తయారు చేసుకునే పదార్థాలు ఇవి. ఎండ దెబ్బ నుంచి, పురుగుల నుంచి కాపాడుకోవడానికి, పువ్వులకు, పండ్లకు రంగు ఇవ్వడానికి పనికొస్తాయి. ఇప్పటికి 6,000కు పైగా గుర్తించారు. హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి 1936లో వీటికి విటమిన్ పి అని పేరు పెట్టారు. తర్వాత ఇవి విటమిన్లు కావని తేలి ఆ పేరు పోయింది.

మన వంటింట్లో వెతకనక్కర్లేదు, రోజూ తింటూనే ఉన్నాం. ఉల్లిగడ్డలో, మునగాకులో క్వెర్సెటిన్ ఉంటుంది. మునగాకులోనే కెంఫెరాల్ కూడా ఉంటుంది. మన బత్తాయిలో హెస్పెరిడిన్ ఉంటుంది, అదీ రసంలో కంటే తొనల మీది తెల్లటి పొరలో, తొక్క లోపలి దూదిలాంటి భాగంలో ఎక్కువ. నేరేడు పండుకు ఆ నలుపు ఆంథోసయానిన్ల వల్ల వచ్చింది. ఎర్రజొన్నల్లోని రంగు కూడా ఈ కుటుంబానిదే. సోయాలో జెనిస్టీన్, టీ ఆకులో కాటెచిన్లు ఉంటాయి. పసుపులోని కర్క్యుమిన్‌ను చాలామంది ఫ్లేవనాయిడ్ అంటారు, కానీ అది వేరే కుటుంబం.

ఇవి కిడ్నీని ఎలా కాపాడతాయని అంటున్నారు?

కణంలో పుట్టిన ఫ్రీ రాడికల్స్‌ను ఫ్లేవనాయిడ్లు నేరుగా పట్టుకుంటాయని మొదట్లో అనుకునేవారు. పరీక్ష నాళికలో అది జరుగుతుంది కూడా. ఒంట్లో జరిగేది ఇంకాస్త లోతైనదని తర్వాత అర్థమైంది. కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రొటీన్ ఒకటి ఉంటుంది. మామూలుగా కీప్1 అనే ఇంకో ప్రొటీన్ దాన్ని కట్టేసి ఉంచుతుంది. క్వెర్సెటిన్ లాంటివి ఆ కట్టు వదులయ్యేలా చేస్తాయి. అప్పుడు ఎన్‌ఆర్‌ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్ళి, కణం సొంతంగా తయారుచేసుకునే రక్షణ ఎంజైములను మేల్కొలుపుతుంది. ఇంకోవైపు వాపును నడిపించే ఎన్‌ఎఫ్ కప్పా బి అనే ప్రొటీన్ పని తగ్గుతుంది, కణాన్ని చావు వైపు నెట్టే కాస్పేజ్ ఎంజైముల జోరు తగ్గుతుంది. ఈ లెక్క అంతా బాగా అర్థమైనదే, కల్పితం కాదు. చిక్కు దీని తర్వాత మొదలవుతుంది.

ఎలుకల మీద ప్రయోగం అంటారు కదా, అసలు ఏం చేస్తారు?

ఇది కాస్త వివరంగా చెబుతాను. పేపర్లో "కిడ్నీని కాపాడిన మొక్క" అన్న హెడ్డింగ్ వెనక సాధారణంగా ఇదే ఉంటుంది.

విస్టార్ జాతి తెల్ల ఎలుకలను గుంపుకు ఆరు చొప్పున విడదీస్తారు. ఒక గుంపుకు ఏమీ ఇవ్వరు. ఒక గుంపుకు పొట్టలోకి ఒక్కసారి సిస్‌ప్లాటిన్ సూది వేస్తారు, కిలో బరువుకు 5 నుంచి 7.5 మిల్లీగ్రాములు. మిగతా గుంపులకు మొక్క సారాన్ని గానీ, శుద్ధి చేసిన ఫ్లేవనాయిడ్‌ను గానీ కొన్ని రోజుల ముందు నుంచే నోటి ద్వారా ఇస్తూ, తర్వాత అదే సిస్‌ప్లాటిన్ వేస్తారు. మూడు నుంచి ఐదు రోజులకు రక్తం తీసి క్రియాటినిన్, యూరియా చూస్తారు, కిడ్నీ సరిగ్గా వడగట్టకపోతే ఇవి రక్తంలో పెరుగుతాయి. మందు మాత్రమే పడిన ఎలుక తిండి మానేసి, బరువు తగ్గి, బొచ్చు నిక్కబొడుచుకుని మూలకు ముడుచుకుంటుంది. దాని కిడ్నీ ఉబ్బి, పాలిపోయి ఉంటుంది. పలచటి ముక్క కోసి రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, గుండ్రంగా, వరుసగా ఉండాల్సిన ట్యూబ్యూల్ కణాలు చెదిరిపోయి, గొట్టం మధ్యలో గులాబీ రంగు ముద్ద అడ్డంపడి కనిపిస్తుంది. ఫ్లేవనాయిడ్ తీసుకున్న ఎలుక స్లైడులో ఆ ముద్దలు తక్కువ, కణాల వరుస చాలావరకు నిలిచి ఉంటుంది.

మొదటిసారి ఆ రెండు స్లైడులూ పక్కపక్కన పెట్టి చూసే పిల్లల ముఖాలు వెలిగిపోతాయి. అలాంటి ఫలితం క్వెర్సెటిన్, రూటిన్, నారింజెనిన్, హెస్పెరిడిన్, ఇంకా ఎన్నో ఫ్లేవనాయిడ్లతో వచ్చింది. ఒకటి గుర్తుంచుకోవాలి: ఇందులో ఎలుకకు ఫ్లేవనాయిడ్ ముందే ఇచ్చారు. కిడ్నీ పాడయ్యాక మొదలుపెట్టలేదు. ఆ ఎలుక చిన్న వయసుది, షుగర్ లేదు, బీపీ లేదు, తిండి నీళ్ళకు లోటు లేదు. మనకు తెలిసిన ఏ పెద్దమనిషికీ ఆ పోలిక కుదరదు.

మరి అదే మోతాదు మనం ఉల్లిగడ్డలు తిని పొందలేమా?

లెక్క వేద్దాం. ఎలుకలకు క్వెర్సెటిన్ తరచుగా కిలోకు 50 మిల్లీగ్రాములు ఇస్తారు. ఎలుక మోతాదును మనిషికి మార్చేటప్పుడు 6.2తో భాగించాలని ఒక లెక్క ఉంది, అంటే మనిషికి కిలోకు 8 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి దాదాపు 480 మిల్లీగ్రాములు. వంద గ్రాముల ఉల్లిగడ్డలో రకాన్ని బట్టి సుమారు 20 నుంచి 40 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ ఉంటుంది. రోజుకు కిలోన్నర ఉల్లిగడ్డలు తినాలన్నమాట.

తిన్నా కూడా అంతా రక్తంలోకి రాదు. పేగు గోడలూ, కాలేయమూ క్వెర్సెటిన్‌కు ఇతర పదార్థాలను తగిలించి రూపం మార్చేస్తాయి. పరీక్ష నాళికలో కణాల మీద పోసేది అసలు క్వెర్సెటిన్, మన రక్తంలో తిరిగేది మారిన రూపం, అదీ చాలా తక్కువ గాఢతలో.

అయితే క్యాప్సూల్స్ వేసుకుంటే సరిపోతుంది కదా?

నన్నడిగితే వద్దంటాను, దానికి కారణం ఉంది. 1996లో బ్రిటన్‌లో క్యాన్సర్ రోగులకు క్వెర్సెటిన్‌ను నరంలోకి ఎక్కించి ఒక ట్రయల్ చేశారు. మోతాదు పెంచుతూ పోతే ఒకచోట ఆగాల్సి వచ్చింది. ఆపిన కారణం కిడ్నీ దెబ్బతినడమే. ఎలుకల కిడ్నీని కాపాడిన పదార్థం, మోతాదు మించితే మనిషి కిడ్నీకే హాని చేసింది. నోటి ద్వారా తీసుకుంటే రక్తంలో అంత గాఢత రాదు, అందుకని భయపడి ఉల్లిగడ్డ మానేయనక్కర్లేదు. కానీ "సహజం కాబట్టి ఎంతైనా వేసుకోవచ్చు" అనే మాట తప్పని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

గ్రీన్ టీ సారం గోలీలదీ ఇలాంటి కథే. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన దానిలోని ఈజీసీజీ అనే కాటెచిన్ తీసుకున్నవాళ్ళలో కాలేయం ఎంజైములు పెరగడం చూసి యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కప్పులో పోసుకుని తాగే గ్రీన్ టీతో ఆ సమస్య దాదాపు ఉండదు.

కీమో నడుస్తోంది. సిస్‌ప్లాటిన్ ఇస్తున్నారు. కిడ్నీ కోసం ఏదైనా వాడొచ్చా?

డాక్టరును అడగకుండా ఏదీ వాడకండి. ఇక్కడ భయం రెండు రకాలు. సిస్‌ప్లాటిన్ క్యాన్సర్ కణాన్ని చంపే పనిలో ఫ్రీ రాడికల్స్‌కు కూడా పాత్ర ఉంది. కిడ్నీ కణాన్ని కాపాడేది క్యాన్సర్ కణాన్ని కూడా కాపాడితే మందు వేసిన ఉద్దేశమే దెబ్బతింటుంది. ఇది ఊహ మాత్రమే కాదు, బోర్టెజోమిబ్ అనే మరో క్యాన్సర్ మందును గ్రీన్ టీలోని ఈజీసీజీ నేరుగా అతుక్కుని పనిచేయకుండా చేస్తుందని 2009లో చూపించారు. ఇక మిల్క్ తిజిల్ అనే మొక్క గింజల నుంచి తీసే సిలిమారిన్ లాంటి వాటిని సిస్‌ప్లాటిన్ రోగుల్లో చిన్న చిన్న ట్రయల్స్‌లో పరీక్షించారు. ఇదుగో ఇది వాడండి అని చెప్పగలిగే ఫలితం వాటి నుంచి రాలేదు.

సిస్‌ప్లాటిన్ రోజు దవాఖానలో ముందూ వెనకా సెలైన్ ఎందుకు ఎక్కిస్తారో, దానిలో మెగ్నీషియం ఎందుకు కలుపుతారో చాలామంది అడగరు. కిడ్నీని కాపాడడానికి మనుషుల్లో పనిచేస్తుందని తేలినవి అవే. "పొద్దంతా సెలైన్ ఎందుకు, తొందరగా పంపించండి" అని నర్సమ్మల మీద ఒత్తిడి తేవద్దు. ఇంటికి వచ్చాక వాంతులై నీళ్ళు కూడా నిలవకపోతే అదే రోజు ఫోన్ చేయాలి, మర్నాటి వరకు ఆగకూడదు.

తంగేడు పువ్వు టీ, కొండపిండాకు, గలిజేరు సంగతేంటి?

బతుకమ్మలో మనం పేర్చే తంగేడు మీద నిజంగానే పరిశోధన జరిగింది. సిస్‌ప్లాటిన్, జెంటామైసిన్ రెండింటి వల్లా కిడ్నీ దెబ్బతిన్న ఎలుకలకు తంగేడు సారం మేలు చేసిందని 2005లో అచ్చయింది. కానీ ఆ ప్రయోగంలో వాడింది తంగేడు వేర్లను. మనవాళ్ళు ఎండబెట్టి టీ కాస్తున్నది పువ్వు. వేరులో ఉన్నవన్నీ పువ్వులో ఉండాలని లేదు. కొండపిండి మీద కూడా మన దేశంలోనే అలాంటి ప్రయోగం 2004లో వచ్చింది, అక్కడా ఎలుకలే. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద పెట్టే ఈ కొండపిండిని కిడ్నీలో రాళ్ళకు కషాయంగా తాగడం మన పల్లెల్లో పాత అలవాటు. నాకు ఈ మొక్కల మీద గౌరవం ఉంది. మా విద్యార్థులు వీటి మీదే పని చేయాలని కోరుకుంటాను. కానీ మనుషుల్లో ఎంత మోతాదు, ఎన్ని రోజులు, ఎవరికి పనికిరాదు అన్నవి తేలకుండా రోజూ లోటాడు కషాయం తాగమని ఎవరికీ చెప్పలేను.

గలిజేరుతో ఇంకో ఇబ్బంది. ఆ పేరుతో ఊరికొక మొక్కను చూపిస్తారు. వాటిలో కొన్నిటి ఆకుల్లో ఆక్సలేట్లు బాగా ఎక్కువ. పప్పులో ఎప్పుడైనా వేసుకుంటే ఏమీ కాదు. పరగడుపున పచ్చి రసం గ్లాసులకు గ్లాసులు తాగితే ఆ ఆక్సలేట్లే కిడ్నీలో స్ఫటికాలుగా పేరుకునే ప్రమాదం ఉంది. పసుపు క్యాప్సూల్స్ ఎక్కువ కాలం వాడినవాళ్ళలో కూడా ఇలాంటి కేసులు నమోదయ్యాయి.

ఆకు మందే కదా, సైడ్ ఎఫెక్ట్ ఏముంటుంది?

మన చెలకల్లో, నల్లరేగడి గట్ల మీద పెరిగే గాడిదగడపాకును చూసే ఉంటారు. దానిలో, దాని బంధువైన ఈశ్వరి వేరులో అరిస్టోలోకిక్ యాసిడ్ అనే పదార్థం ఉంటుంది. అది నేరుగా కిడ్నీని ఎండబెట్టేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990లలో బెల్జియంలో బరువు తగ్గడానికి ఇచ్చిన మూలికల గోలీల్లో పొరపాటున ఈ జాతి మొక్క కలిసి, వంద మందికి పైగా, ఎక్కువగా ఆడవాళ్ళకు, కిడ్నీలు దెబ్బతిన్నాయి, వాళ్ళలో చాలామంది డయాలసిస్ వరకూ వెళ్ళారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే వాటి మొదటి గ్రూపులో పెట్టింది. కడుపులో పురుగులకని, పాము కాటుకని, చర్మ రోగాలకని ఈ ఆకును, వేరును లోపలికి ఇచ్చేవాళ్ళు ఉంటే దయచేసి ఆపండి.

భస్మాల విషయంలోనూ జాగ్రత్త. పాదరసం, సీసం సరిగ్గా శుద్ధి కాని మందు కిడ్నీ వడపోత పొరలనే పాడుచేస్తుంది.

పేషెంట్‌ను చూడటానికి బత్తాయిలు, కొబ్బరి బోండాలు తీసుకెళ్తాం. కిడ్నీకి మంచిదేగా?

మన నల్లగొండ బత్తాయి తోటలంటే నాకూ ఇష్టమే, హెస్పెరిడిన్ గురించి పైన నేనే రాశాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రసం పిండకుండా తొనలతో, తెల్లపొరతో తినండి, మంచిదే.

కిడ్నీ ఇప్పటికే బాగా తగ్గిన మనిషి సంగతి వేరు. బత్తాయి రసం ఒక గ్లాసులో 400 మిల్లీగ్రాముల వరకు పొటాషియం ఉంటుంది. ఒక బోండాం నీళ్ళలో 600 దాటుతుంది. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకు రోజు మొత్తానికే 2,000 మిల్లీగ్రాముల దగ్గర ఆపమని చెబుతుంటారు. పొద్దున చుట్టాలు తెచ్చిన బోండాం, మధ్యాహ్నం జ్యూస్, సాయంత్రం అరటిపండు అయ్యేసరికి ఆ లెక్క ఎక్కడికి పోతుందో చూడండి. రక్తంలో పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. 6.5 దాటితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. వార్డులో మంచం పక్క టేబుల్ మీద ప్రేమతో పెట్టిన బత్తాయిలు కనబడితే నాకు గుండె దడ మొదలవుతుంది. చూడటానికి వెళ్ళేముందు "ఏం తినొచ్చన్నారు?" అని ఒక్కమాట ఫోన్లో అడిగి వెళ్ళండి.

కిడ్నీ మార్పిడి అయి టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వాడేవాళ్ళు పంపర పనసను, గ్రేప్‌ఫ్రూట్‌ను ముట్టుకోవద్దు. అవి మందు విరిగిపోకుండా ఆపి రక్తంలో దాని మోతాదు పెంచేస్తాయి, పెరిగిన ఆ మందే కొత్త కిడ్నీకి హాని. స్టార్ ఫ్రూట్ అయితే కిడ్నీ జబ్బు ఉన్న ఎవరికీ పనికిరాదు.

ఒకసారి పాడైన కిడ్నీ ఫ్లేవనాయిడ్లతో తిరిగి బాగవుతుందా?

ఏండ్ల తరబడి మచ్చలు పడి కుంచించుకుపోయిన కిడ్నీని వెనక్కి తెచ్చే ఆకు గానీ గోలీ గానీ లేదు. మందు వల్ల హఠాత్తుగా తగిలిన దెబ్బ అయితే, ఆ మందు త్వరగా ఆపితే ట్యూబ్యూల్ కణాలు చాలాసార్లు మళ్ళీ పుడతాయి. ఆ రెండు మూడు వారాలు చాలా విలువైనవి. వాటిని కషాయాలు మార్చి మార్చి చూస్తూ పోగొట్టుకోవద్దు.

కిడ్నీ దెబ్బతింటోందని ఎలా తెలుస్తుంది?

మొదట్లో ఏమీ తెలియదు, నొప్పి ఉండదు. మూత్రం తగ్గడం, నురుగు రావడం, కాళ్ళ వాపు, పొద్దున లేవగానే ముఖం ఉబ్బడం, వికారం కనిపించేసరికే ఆలస్యమై ఉంటుంది. జెంటామైసిన్ దెబ్బలోనైతే మూత్రం మామూలుగానే వస్తూ ఉంటుంది, అయినా లోపల క్రియాటినిన్ పెరుగుతుంటుంది.

క్రియాటినిన్ మామూలు 0.6 నుంచి 1.2 వరకు. రిపోర్టులో "నార్మల్" అని ఉంటే సరిపోదు, మీ పాత రిపోర్టుతో పోల్చాలి. 0.7 ఉన్న మనిషికి 1.1 అయితే అది నార్మల్ గీత లోపలే ఉన్నా పెద్ద మార్పే. రెండు రోజుల్లో 0.3 పెరిగినా దాన్ని హఠాత్తు కిడ్నీ దెబ్బగా లెక్కిస్తారు. బక్కపలచటి ముసలివాళ్ళలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ తక్కువగానే చూపించి మోసం చేస్తుంది. అందుకే క్రియాటినిన్‌ను, వయసును కలిపి కిడ్నీ ఎంత వడగడుతోందో లెక్కగట్టే ఈజీఎఫ్‌ఆర్ చూడమని, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష కూడా రాయమని అడగండి. నొప్పుల గోలీలు నెలల తరబడి వాడేవాళ్ళు, షుగర్, బీపీ ఉన్నవాళ్ళు కనీసం ఏడాదికోసారి ఈ పరీక్షలు చేయించుకోవాలి. ప్రభుత్వ దవాఖానల్లో వీటికి డబ్బులు తీసుకోరు.

నొప్పి భరించలేం, గోలీ తప్పదు. ఏం చేయమంటారు?

నొప్పి ఓర్చుకోమని చెప్పే హక్కు నాకు లేదు. ఫ్లోరోసిస్ నొప్పి పడేవాళ్ళ మధ్యే పెరిగాను.

మొదట పారాసిటమాల్‌తో చూడండి, డాక్టరు చెప్పిన మోతాదు దాటకుండా. రోజూ తాగే అలవాటు ఉన్నవాళ్ళు, కాలేయం బాగాలేనివాళ్ళు అది కూడా అడిగి వేసుకోవాలి. మోకాళ్ళకు, నడుముకు పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ వాడితే గోలీతో పోలిస్తే రక్తంలోకి పోయేది చాలా తక్కువ. కాపడం, ఫిజియోథెరపీ చిన్నచూపు చూడాల్సినవి కావు. గోలీ తప్పనిసరి అయితే తక్కువ మోతాదు, తక్కువ రోజులు. రెండు పేర్లతో ఉన్న రెండు నొప్పుల గోలీలు ఒకేరోజు వద్దు, చాలాసార్లు లోపల ఉన్నది ఒకే రకం మందు.

ఎండలో పని చేసిన రోజు ముందు నీళ్ళు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ తాగి, మూత్రం రంగు తేటపడ్డాకే గోలీ సంగతి చూడాలి. వాంతులు, విరేచనాలు, జ్వరంతో ఒళ్ళు ఆరిన రోజు నొప్పుల గోలీ అస్సలు వద్దు. బీపీకి వాడే ఎనలాప్రిల్ లాంటివీ, నీరు తీసే గోలీలూ, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఆ రెండు రోజులు ఆపాలా అని డాక్టరును అడగండి. సీటీ స్కాన్‌కు రంగు మందు ఎక్కిస్తామంటే, క్రియాటినిన్ ఎంత ఉందో, ఏ గోలీలు వాడుతున్నారో ముందే చెప్పాలి.

జెంటామైసిన్, అమికాసిన్ సూదులు వేయించుకోవచ్చా?

ప్రాణం మీదికి వచ్చిన ఇన్ఫెక్షన్‌కు అవి మంచి మందులు, భయపడి మానేయకండి. బరువును బట్టి మోతాదు లెక్కగట్టి, రోజుకోసారి ఇచ్చి, మధ్యలో క్రియాటినిన్ చూస్తే ప్రమాదం తగ్గుతుంది. అడిగే ప్రశ్న ఒక్కటే: జలుబు, ఒళ్ళు నొప్పులకు ఊళ్ళో వేసే సూదిలో ఏముంది? పేరు చెప్పకపోతే వేయించుకోకండి.

రోజూ ఏం తినమంటారు మరి?

మునగాకు పప్పు, ఉల్లిగడ్డ, జొన్న రొట్టె, కాలానికి దొరికే నేరేడు, ఉసిరి, సీతాఫలం, బత్తాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఏ క్యాప్సూల్ కంటే ఇదే మేలు. వీటిలో ఫ్లేవనాయిడ్లతో పాటు పీచు ఉంటుంది, బీపీని అదుపులో ఉంచడానికి సాయపడతాయి. ఊరగాయలో, బయటి మిర్చి బజ్జీలో ఉప్పు తగ్గించుకుంటే కిడ్నీకి ఇంకా మంచిది. సీతాఫలం గింజలు మాత్రం నూరి లోపలికి తీసుకోవద్దు, అవి విషం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళ తిండి పట్టిక వేరుగా ఉంటుంది, అది డాక్టరో డైటీషియనో రాసివ్వాలి.

ఇప్పటికే ఏదో కషాయం తాగుతున్నాం. డాక్టరుకు చెబితే తిడతారేమో?

తిట్టినా సరే చెప్పండి. కషాయం కాచిన ఆకును కవర్లో వేసుకుని వెళ్ళండి, కొన్న పొడి అయితే డబ్బాతో సహా. వాడుతున్న గోలీల స్ట్రిప్పులు కత్తిరించకుండా, పేరు, తేదీ కనిపించేలా ఉంచి, పాత రిపోర్టులతో కలిపి ఒకే సంచిలో పెట్టుకోండి. మెడికల్ షాపులో విడి గోలీలు ఇస్తే స్ట్రిప్ మీదున్న పేరు కాగితం మీద రాసివ్వమని అడగండి, లేదా మీ ఫోన్లో ఫోటో తీసుకోండి. నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మా విద్యార్థిని వాళ్ళ నాయన గోలీలకు ఒక పాత నోటుబుక్కులో పేరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ రాస్తోంది. మొన్న క్రియాటినిన్ కాస్త పెరిగితే, ఆ నోటుబుక్కు చూసి డాక్టరు ఏ గోలీ ఆపాలో అక్కడికక్కడే చెప్పారట.